కంది ఎండు తెగులుకు పిచికారీ మందు లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. ఎకరంన్నర మెట్టలో కంది వేశాను. పూత దశలో అక్కడక్కడా మొక్కలు వాడిపోతున్నాయి. నేలలో తేమకు లోటు లేదు. కొన్ని మొక్కలు ఒకవైపు ఎండి, రెండోవైపు పచ్చగా పూత మీద ఉన్నాయి. దుకాణంలో ఇచ్చిన తెగులు మందు రెండుసార్లు పిచికారీ చేసినా ఆగలేదు. పోయిన ఏడాది కూడా ఈ చేనులో ఇలాగే పోయింది. ఏం చేయమంటారు?

జవాబు: ఒకవైపే ఎండటం, అదే చేనులో మళ్లీ రావడం చూస్తే ఇది ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులే అనిపిస్తోంది. అయినా ఒకసారి సరిచూసుకోండి. పూర్తిగా ఎండిన మొక్క దీనికి పనికిరాదు. ఇప్పుడిప్పుడే తల వాలుస్తున్నదాన్ని వేరుతో పెకలించండి. మొదలు నుంచి పైకి కాండం మీద ఊదారంగు పట్టీ ఉందేమో చూడండి. అక్కడ బెరడు ఒలిచి, కాండాన్ని నిలువునా చీల్చండి. లోపలి చెక్కలో గోధుమ, నలుపు చారలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. నీరు నిలిచే చోట లేత మొక్కల కాండం మీద మచ్చలు పడి, అక్కడే విరిగిపోయేది ఫైటోఫ్తోరా తెగులు. దాని సంగతి వేరు.

ఈ శిలీంధ్రం నేలలో ఉండి లేత వేర్ల గుండా లోపలికి పోతుంది. నీటిని పైకి మోసే నాళాలను మూసేస్తుంది. చిన్నప్పుడే పట్టినా, మొక్కకు నీటి అవసరం పెరిగే పూత, కాయ దశల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. ఆకుల మీద కొట్టిన మందు అక్కడికి చేరదు. మూడోసారి కొట్టమని ఎవరు చెప్పినా డబ్బు తీయకండి. వాడిన మొక్కలను వేర్లతో సహా పీకి కాల్చేయండి.

కోత తర్వాతి పని అంతకంటే ముఖ్యం. కంది కంపను పొయ్యిలోకీ దడికీ కోసుకుని మోళ్లను చేనులోనే వదిలేస్తుంటాం. శిలీంధ్రం మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం తలదాచుకునేది ఆ మోళ్లలోనే. వాటిని తవ్వి ఏరించండి. కూలి ఖర్చవుతుంది, నిజమే. కానీ రెండు పిచికారీలకు పెట్టిన డబ్బు ఇక్కడ పెట్టి ఉంటే ఫలితం ఉండేది.

ఆ చేనులో కనీసం మూడేళ్లు కంది వేయకండి. జొన్న వేస్తే తెగులు ఉధృతి తగ్గుతుంది. ఆ తర్వాత కందితో కలిపి జొన్న సాళ్లు వేసుకున్నా మేలే. రకం విషయానికొస్తే, ఇక్రిశాట్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆశ (ఐసీపీఎల్ 87119) ఎండు తెగులునూ, మొక్కను పూత, కాత లేకుండా చేసే వెర్రి తెగులునూ తట్టుకుంటుంది. మారుతి (ఐసీపీ 8863) ఎండు తెగులుకు గట్టిదే గానీ వెర్రి తెగులుకు లొంగిపోతుంది. వెర్రి తెగులు కనిపించే చోట నేనైతే ఆశ వైపే మొగ్గుతాను.

విత్తేటప్పుడు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంధ్రాన్ని అణచే మేలు శిలీంధ్రం) పొడి పట్టించండి. ఎకరానికైతే 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచాలి. తెల్లగానో పచ్చగానో బూజు పరచుకున్నాక, నేలలో పదును ఉన్నప్పుడు చల్లండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కనుక దాన్ని శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందుతో కలపకూడదు. కొనేటప్పుడు పొట్లం మీద గడువు తేదీ చూసుకోండి. ఎండలో పెట్టి అమ్ముతుంటే తీసుకోకండి.