సర్టిఫికెట్‌లో కనపడని గళ్లు

ప్రశ్న: పోయిన నెల మా ఆవిడకి విశాఖలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో పాప పుట్టింది. బర్త్ సర్టిఫికెట్‌లో తన పేరు 'వరలక్ష్మి' బదులు 'లక్ష్మి' అని వచ్చింది. వివరాలు మా అత్తగారు చెప్పారట. పెళ్లినాటికి వయసెంత, ఎంతవరకు చదివింది, బిడ్డ బరువెంత అని కూడా అడిగారట. అవేవీ సర్టిఫికెట్‌లో లేవు. మరెందుకు అడిగినట్టు? పేరు తప్పుకి ఆసుపత్రిని నిలదీయాలా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: నిలదీయండి బాబూ, కానీ ముందు ఇంట్లో ఆవిణ్ణి ఏమని పిలుస్తారో గుర్తు చేసుకోండి. ఈ ఊళ్లోనే ఒక ప్రసూతి ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. జననం నమోదుకి నింపే ఫారం-1 పట్టుకుని వార్డులోకి వెళితే బాలింత మగతగా ఉంటుంది, భర్త మందుల షాపు దగ్గర ఉంటాడు. జవాబు చెప్పేది అమ్మో, అత్తో. వాళ్ల నోటికొచ్చేది ముద్దుపేరే. రాసే మనిషికి ఇంకా పది మంచాలు మిగిలుంటాయి. మా ఉత్తరాంధ్రలో అయితే 'సింహాచలం' అంటే తల్లి పేరో తండ్రి పేరో మళ్లీ అడిగి తెలుసుకోవాలి!

మీ తప్పు దిద్దుకోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇచ్చిన రిజిస్ట్రారుకే అర్జీ పెట్టండి. ఆవిడ ఆధార్, టెన్త్ మార్కుల మెమో జత చేయండి. పాత ఎంట్రీని చెరపరు, పక్కన మార్జిన్‌లో సరిచేసి సంతకం, తేదీ వేస్తారు. బద్ధకించకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి స్కూలు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ కాగితమే రుజువు.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ ఫారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి చట్టానికి, రెండోది సర్కారు గణాంకాల లెక్కలకి. సర్టిఫికెట్‌లోకి ఎక్కేది మొదటిదే. అందుకే పేరులో ఒక్క అక్షరం తప్పినా జనం మా కిటికీ దగ్గరికి వచ్చి కేకలేసేవారు. రెండో భాగంలో తప్పు రాశారని ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగేవాళ్లు లేని గడిని ఎలా నింపుతామో చెప్పాలా?

నేనేం తక్కువ తినలేదు. ఒకరోజు మధ్యాహ్నం పాత ఫారాలు కట్ట కడుతూ బరువు గడులు చూశాను. 2.5, 3, 3, 2.5, 3. పుట్టిన బిడ్డలా, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలా! లేబర్ రూం రిజిస్టర్ తీసి చూస్తే నర్సమ్మ 2.460 అని శుభ్రంగానే రాసింది. 2.5 చేసింది నేను. 2,500 గ్రాములకి తగ్గితేనే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. నలభై గ్రాములు నేను కలిపేసరికి ఆ బిడ్డ కాస్తా ఆ లెక్కలోంచి జారిపోయింది. ఆ రోజు నుంచి రిజిస్టర్ పక్కన పెట్టుకునే రాశాను.

పెళ్లినాటి వయసు మరీ తమాషా. ఎవర్ని అడిగినా పద్దెనిమిదే. 'పెళ్లికి పద్దెనిమిది, ఇప్పుడు పంతొమ్మిది, పెద్దదానికి మూడేళ్లు' అని ఒకావిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పోలీసులొస్తారని భయం వాళ్లది.

ఊరి సంగతీ అంతే. జననం ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. పాడేరు తల్లికి ఇక్కడ కాన్పయితే అది ఇక్కడే రిజిస్టరవుతుంది. అందుకే ఆవిడ మామూలుగా ఉండే ఊరేదని విడిగా అడుగుతారు. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల అమ్మగారింటి అడ్రసు చెబుతుంది. దాంతో అత్తగారి ఊళ్లో ఒక కాన్పు తగ్గి, ఇక్కడ ఒకటి పెరుగుతుంది.

'ఇప్పటిదాకా సజీవంగా పుట్టిన పిల్లలు' అనే గడి ఒకటుంది. ఈ బిడ్డతో పాటు, పుట్టి తర్వాత పోయినవాళ్లనీ కలపాలి. ఒకసారి అత్తగారు 'ఇదే తొలి చూలు' అంటోంది. మంచం మీద కోడలు ఏమీ అనలేదు. దుప్పటి అంచులోంచి రెండు వేళ్లు చూపించింది. నేను ఒకటి కొట్టేసి రెండు వేశాను. తర్వాత నుంచి ఆ ప్రశ్న చుట్టాలు టీకి వెళ్లినప్పుడే అడిగేదాన్ని.

ప్రశ్న: పాపకి 21వ రోజు బారసాల పెట్టుకున్నాం. నమోదుకి గడువు కూడా 21 రోజులే అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. పేరు లేకుండా చేయించవచ్చా?
– ఒక తల్లి, మధురవాడ

జవాబు: నిక్షేపంగా చేయించవచ్చమ్మా. ఆసుపత్రిలో పుట్టింది కాబట్టి రిపోర్టు పంపాల్సింది వాళ్లే. పంపారో లేదో డిశ్చార్జి రోజే అడిగేయండి. పేరు గడి ఖాళీగా ఉన్నా పర్లేదు. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఫీజుతో 15 ఏళ్ల దాకా వీలుంది. బారసాల అయ్యాక పేరుని తెలుగులో, ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్పకండి. ఒక్క 'శ్రీ'కే ఇంగ్లిష్‌లో మూడు రకాల స్పెల్లింగు రాసిన ఇళ్లు చూశాను, అదీ ఒకే కుటుంబంలో.