గడగడా చదువుతారు, సొంతంగా రాయలేరు

ప్రశ్న: చిత్తూరు సమీపంలో నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు పాఠం గడగడా చదువుతారు గానీ, సొంతంగా రెండు వాక్యాలు రాయలేరు. పాఠాన్ని ఎలా ప్రణాళిక చేసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, గడగడా చదివినంత మాత్రాన అర్థమైనట్లు కాదు కనుక, పుస్తకం తెరిచే ముందు పది నిమిషాలు మాట్లాడించండి. తోటలో తోతాపురి మామిడికాయలు కోసి ట్రాక్టరుకు ఎత్తడం చూసిన పిల్లవాణ్ని, తమిళం కలిసినా సరే, తన మాటల్లో చెప్పనివ్వండి. ఆ మాటలనే తెలుగులో నల్లబల్లపై రాసి, అందరిచేత చదివించి, చెరిపేసిన తర్వాత వారినే రాయమనండి. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. అందువల్ల ‘గడప’ను ‘కడప’ అని రాస్తే అశ్రద్ధగా భావించకండి. రెండు మాటలనూ పక్కపక్కన రాసి, పైకి పలికించండి. వారానికి ఒక పాఠం ఇలా సాగినా చాలు, తొందరపడవద్దు.