గర్భాశయం కదిలితే పిండం జారిపోదా?

ప్రశ్న: ఎదలో, అంటే పొట్టేలును కోరే దశలో, ఉన్న గొర్రె గర్భాశయం బలంగా ముడుచుకుంటుందని చదివాను. పొట్టేలు దాటిన తరువాత కూడా ఆ కదలిక కొనసాగితే పిండం జారిపోదా?

జవాబు: సందేహం సమంజసమే, కాని ఆ కదలిక అంత ఉద్ధృతితో ఎక్కువ కాలం నిలవదు. ఎద ఉండే ఒకటి, ఒకటిన్నర రోజులలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావం వలన గర్భాశయ కండరం తరచుగా ముడుచుకుంటూ, శుక్రకణాలు పైకి చేరడానికి తోడ్పడుతుంది. అండం విడుదలైన చోట కార్పస్ ల్యూటియం అనే గ్రంథి ఏర్పడి, చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను స్రవించేకొద్దీ కండరం నెమ్మదిస్తుంది. పిండం గర్భాశయంలోకి దిగేది మూడు, నాలుగు రోజులకు గనుక అప్పటికి ఉద్ధృతి తగ్గుముఖం పడుతుంది. పూర్తిగా నిశ్చలమవుతుందని మాత్రం అనుకోకూడదు. ఒకే అండాశయం నుంచి రెండు అండాలు విడుదలైనప్పుడు, ఒక పిండం తరచుగా గర్భాశయపు రెండు శాఖలలో (కొమ్ములలో) అవతలి దానిలోకి చేరుతుంది.

అసలు గండం పొట్టేలు దాటిన 12, 13 రోజుల దగ్గర ఉంది. చూలు లేకపోతే గర్భాశయం విడుదల చేసే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం కార్పస్ ల్యూటియంను క్షీణింపజేసి, 17వ రోజు ప్రాంతంలో మళ్లీ ఎద తెప్పిస్తుంది. చూలు ఉంటే, అంతవరకు గుండ్రంగా ఉన్న పిండం సన్నని దారంలా సాగుతూ ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్‌ను స్రవించి, గర్భాశయపు లోపొరలో ప్రోస్టాగ్లాండిన్ విడుదలకు కారణమయ్యే ఆక్సిటోసిన్ హార్మోన్ గ్రాహకాలు (ఆ హార్మోన్‌ను అందుకునే అణువులు) పెరగకుండా అడ్డుకుంటుంది. దానితో ప్రొజెస్టెరాన్ నిలుస్తుంది, కండరమూ శాంతంగానే ఉంటుంది. పిండం గోడకు అతుక్కోవడం 16వ రోజు ప్రాంతంలో గాని మొదలుకాదు. అందుచేత తొలి నాలుగు వారాలలో మందను దూరం తరలించడం, మేతను హఠాత్తుగా మార్చడం మానుకోవడం మంచిది. మళ్లీ ఎదకు రాకపోవడం శుభసూచనే గాని రుజువు కాదు. నెల దాటిన తరువాత అల్ట్రాసౌండ్ పరీక్షతో నిర్ధారించుకోవాలి.