డొరొథియా డిక్స్ మానసిక రోగుల కోసం చేసిందేమిటి?

జైలు గదుల్లో మగ్గుతున్నవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ఆసుపత్రులు కట్టించింది.

1841లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైల్లో ఆడఖైదీలకు ఆదివారం పాఠం చెప్పడానికి వెళ్లింది ఈ పంతులమ్మ. ఏ నేరమూ చేయని మతిస్థిమితం లేనివాళ్లను కూడా అక్కడే, వెచ్చదనానికి కుంపటైనా లేని గదుల్లో పడేశారు. అదేమని అడిగితే, పిచ్చివాళ్లకు చలి తెలియదన్నారట!

ఆమె ఊరుకోలేదు. రాష్ట్రమంతా తిరిగి జైళ్లు, పేదల శరణాలయాలు చూసింది. ఎవరిని గొలుసులతో కట్టారో, ఎవరిని బోనులో పెట్టారో ఊరి పేరుతో సహా రాసుకుంది. నన్నడిగితే ఆమె బలమంతా ఆ ఊరి పేర్లలోనే ఉంది. కాదనడానికి ఎవరికీ వీల్లేదు. 1843లో ఆ చిట్టానే శాసనసభకు వినతిపత్రమైంది. (ఆడవాళ్లకు అప్పటికి ఓటే లేదు. సభలో దాన్ని సభ్యుడు శామ్యూల్ హౌ ప్రవేశపెట్టాడు.) దాంతో ఆ రాష్ట్రంలోని వూస్టర్ మానసిక ఆసుపత్రి విస్తరణకు డబ్బు మంజూరైంది.

తర్వాత మిగతా రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. న్యూజెర్సీలోని ట్రెంటన్ ఆసుపత్రి 1848లో తెరుచుకుంది. రోగుల సంరక్షణకు కోటి ఎకరాల ప్రభుత్వ భూమి కేటాయించే బిల్లును కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఆమోదించినా, 1854లో అధ్యక్షుడు పియర్స్ వీటో చేశాడు. 1887లో ఆమె కన్నుమూసింది ఆ ట్రెంటన్ ఆసుపత్రిలోనే.