పెరటి అట్లపెనానికి ఏ ఇనుప పలక మంచిది?

ప్రశ్న: పండగలకు మా ఇంట్లో ఇరవై ముప్పై మందిమి చేరతాము. పెరట్లో ఒకేసారి ఆరు అట్లు పోసుకునేలా మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పెనం చేయించాలనుకుంటున్నాను. ఐరన్ షాపువారు 12 మిల్లీమీటర్ల ప్లేటు తీసుకోమన్నారు. వెల్డింగ్ షాపువారు స్టెయిన్‌లెస్ స్టీలైతే తుప్పు పట్టదంటున్నారు. మా బావమరిది దగ్గర పాత జీఐ రేకు ఊరికే దొరుకుతుంది. ఏ ప్లేటైనా సరే, విశాఖ ఉక్కు అయి ఉండాలని మరొకరి సలహా. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందుగా జీఐ రేకును పక్కన పెట్టండి. దానిమీద ఉన్నది జింకు పూత. పులిసిన పిండిలోనూ చింతపండులోనూ నిమ్మరసంలోనూ ఉండే ఆమ్లానికి జింకు కరుగుతుంది. పైగా జింకు 419 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది కాబట్టి, మంట నేరుగా తగిలే చోట ఆ పూత నిలుస్తుందన్న భరోసా లేదు. ఆ రేకుకు వెల్డింగ్ చేసేటప్పుడు లేచే తెల్లటి పొగ పీల్చినవారికి కొన్ని గంటల్లోనే చలిజ్వరం రావచ్చు. రంగు వేసిన పాత ప్లేట్లను, గతంలో దేనికి వాడారో తెలియని తుక్కు ప్లేట్లను కూడా, వాటిమీద ఏముందో తెలియదు కనుక, వంటకు తీసుకోకూడదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న మాట నిజమే. అయితే హోటళ్లలో ఎక్కువగా వాడే 304 రకం వేడిని ప్రసరింపజేసే శక్తి మామూలు ఇనుప ప్లేటు శక్తిలో మూడో వంతే. అందువల్ల బర్నరు పైన ఉన్న చోట అట్టు మాడిపోతుంటే, జానెడు దూరంలో ఉన్నది ఇంకా తెల్లగానే ఉంటుంది. వేడికి అది సాగేది కూడా మామూలు ఇనుముకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ కనుక పెద్ద పలక వంగే అవకాశం ఎక్కువ. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీకు కావలసినది పూత లేని, వేడిగా ఉండగా రోలర్ల మధ్య సాగదీసిన సాదా ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు మెత్తటి ఉక్కు) ప్లేటు. దుకాణంలో ఐఎస్ 2062 (భారతీయ ప్రమాణం సంఖ్య), ఇ250 గ్రేడు అని అడగండి. భవనాల పనులకు అందరూ వాడేది ఇదే కనుక ఎక్కడైనా దొరుకుతుంది. విశాఖ ఉక్కు గురించి మీకు చెప్పినవారి అభిమానం అర్థం చేసుకోదగినదే కానీ, విశాఖ కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, తీగచుట్టలు, ఎల్ ఆకారపు యాంగిళ్ల వంటివి తయారుచేస్తుంది. మందపాటి ప్లేట్లు భిలాయ్, రూర్కేలా వంటి కర్మాగారాల నుంచి వస్తాయి. పెనం కింది స్టాండుకు మాత్రం విశాఖ యాంగిల్ నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఇక మందం. అసలు ఆలోచించవలసింది ఇక్కడే. ఒక చదరపు అడుగు ప్లేటు, మిల్లీమీటరు మందానికి సుమారు 730 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన మీ ఆరు చదరపు అడుగుల పెనం 6 మిల్లీమీటర్లయితే 26 కిలోలు, 8 అయితే 35, 12 అయితే 52 కిలోలు దాటుతుంది. ప్లేటును కిలోల లెక్కనే అమ్ముతారు కనుక ధర కూడా ఇదే దామాషాలో పెరుగుతుంది. బరువుతోపాటు వేడెక్కే సమయమూ పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు చేర్చడానికి, వేడి ఏమాత్రం వృథా కాదనుకుంటే, 8 మిల్లీమీటర్ల పెనానికి సుమారు 65 గ్రాముల గ్యాసు, 12 మిల్లీమీటర్లదానికి 95 గ్రాములు పడుతుంది. ఆరుబయట గాలికి పోయేది పోగా నిజానికి దీనికి రెండు మూడు రెట్లు ఖర్చవుతుంది. గ్యాసులో తేడా పెద్దది కాకపోయినా, మొదటి అట్టు పడేలోపు వేచి ఉండవలసిన సమయం ఒకటిన్నర రెట్లవుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అట్టుకు పెనం కాలితే చాలదు, అదుపులో కాలాలి. పెనం మరీ వేడెక్కితే పిండి వేసిన వెంటనే బిగుసుకుని, గరిటెతో తిప్పబోతే గరిటెకే అంటుకుని లేచివస్తుంది. అట్టుకు అట్టుకు మధ్య నీళ్లు చిలకరించి తుడిచేది ఆ పై వేడిని తగ్గించడానికే. పల్చటి పలక చిలకరింపుకు వెంటనే దిగివస్తుంది. మందపాటిది లోపల నిల్వ ఉన్న వేడిని పైకి పంపుతూనే ఉంటుంది కనుక మంట తగ్గించినా చాలాసేపటి వరకు మాట వినదు. ఉదయం నుంచి ఆగకుండా అట్లు పోసే టిఫిన్ సెంటరుకు ఆ నిల్వ వేడే బలం, ఎందుకంటే ఆరు అట్లకు పిండి ఒకేసారి పడినా పెనం చల్లారదు. పండగకు రెండు మూడు గంటలు వాడే ఇంటివారికి అది భారం. అందుకే మీకు 8 మిల్లీమీటర్లు చాలునని నా అభిప్రాయం. 6 కన్నా తగ్గితే ఇంత వెడల్పు పలక వేడికి వంగి మధ్యలో ఉబ్బడమో గుంటపడడమో జరుగుతుంది. పెసరట్లతోపాటు చేపముక్కలు, కూరగాయలు కూడా దానిమీదే వేయించాలనుకుంటే 10 వరకు వెళ్లవచ్చు.

దుకాణంలో ప్లేటు మీద ఉక్కు స్కేలును నిలువు అంచుమీద ఉంచి, రెండు మూలల మధ్య అడ్డంగా జరిపి చూడండి. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే మరొక ముక్క అడగండి. అట్లపెనానికి సమతలం ప్రాణం. ఒక చెంచాడు నీళ్లు పోస్తే ఒక మూలకు పరుగెత్తే పెనం మీద పిండి కూడా అటే జారుతుంది.

వెల్డింగ్ షాపువారు పెనాన్ని స్టాండుకు చుట్టూ అతికేస్తామంటే ఒప్పుకోకండి. వేడెక్కినప్పుడు పలక సాగుతుంది, చల్లటి యాంగిల్ సాగదు. ఆ రెంటి పెనుగులాటలో పలక వంగిపోతుంది. స్టాండుకు నాలుగు మూలల్లో చిన్న అడ్డులు పెట్టించి, పలకను వాటి మధ్య వదులుగా కూర్చోబెట్టండి. కడగడానికి ఎత్తుకోవడమూ సులువు. ఇంత పెద్ద పెనానికి ఒక్క బర్నరు చాలదు, కనీసం రెండు ఉండాలి. పెనం చుట్టూ వేడిగాలి పైకి పోయే సందు వదలండి. సందు లేకపోతే ఆ వేడి వెనక్కి తిరిగి స్టవ్వు నాబ్‌లకు, రబ్బరు గొట్టానికి తగులుతుంది. సిలిండరును పెనం కింద ఎన్నడూ పెట్టకండి, గొట్టం అనుమతించినంత దూరంలో ఉంచండి.

ప్రశ్న: కొత్త ప్లేటు మీద ఉన్న నీలి నలుపు పొరను బాత్‌రూములు కడిగే యాసిడ్‌తో తీయవచ్చా? తరువాత దానిని ఎలా సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: యాసిడ్ వద్దు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పక్కనున్న ఇనుప సామాన్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. ఆ పొర ప్లేటు తయారీలో ఏర్పడిన ఇనుము ఆక్సైడు మాత్రమే, విషం కాదు. కానీ వాడుతున్నకొద్దీ పెచ్చులూడుతుంది, దానితోపాటు మీరు పట్టించిన నూనె పొరా ఊడిపోతుంది. తెల్ల వెనిగర్‌లో తడిపిన గుడ్డలు పరచి, ఆరకుండా పైన ప్లాస్టిక్ కప్పి ఒక రాత్రి ఉంచితే పొర మెత్తబడుతుంది. ఉదయం తీగపీచుతో రుద్ది, వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే మంటమీద ఆరబెట్టండి. ఆలస్యమైతే కళ్ల ముందే ఎర్రబడుతుంది. గ్రైండరుతో చేయించేటట్లయితే ఉప్పుకాగితపు రేకులున్న చక్రం వాడమనండి, రాతి చక్రం గాట్లు పెడుతుంది.

తరువాత వేరుశనగ నూనెను గుడ్డతో పట్టించి, మరొక పొడిగుడ్డతో ఇక నూనె లేదనిపించేంతగా తుడిచి, పొగ వచ్చి ఆగేదాకా కాల్చండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే పలక గోధుమరంగు నుంచి నలుపుకు తిరుగుతుంది. నూనె ఎక్కువైతే జిగట మిగులుతుంది కనుక పల్చదనమే ఇందులో కీలకం. మొదటి రోజు అట్టుకు అట్టుకు మధ్య సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దండి. వాడిన ప్రతిసారీ వేడి మీదే గీకి, తుడిచి, నూనె పూసి, వాన తగలని చోట నిలబెట్టి ఉంచండి. కొన్ని నెలల తరువాత అక్కడక్కడ తుప్పు కనిపిస్తే ఆ మేరకు రుద్ది మళ్లీ నూనె కాల్చితే సరిపోతుంది, పెనం పాడైనట్లు కాదు.