నిమిషం నిండా లెక్కపెట్టు

అమ్మలూ,

నీకు చెస్ట్ వార్డులో డ్యూటీ వేశారని, ఐసీయూ రాలేదని దిగులుపడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దిగులెందుకే? నా సర్వీసులో పదకొండేళ్ళు ఆయాసం రోగుల మధ్యే తిరిగాను. నర్సు కళ్ళకి అంత పని పెట్టే వార్డు నేను ఇంకోటి చూడలేదు.

వెళ్ళగానే నాలుగు కేస్ షీట్లు తిరగేసి చూడు. బీపీ ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, పల్స్ కూడా అంతే. శ్వాస దగ్గర మాత్రం మంచం తర్వాత మంచం 20, 20, 20. ఎవరూ లెక్కపెట్టరు కనుక. నువ్వు లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకు, నిమిషం నిండా లెక్కపెట్టు. ఆ సంగతి రోగికి తెలియనివ్వకు, తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, చూపు ఛాతీ మీద ఉంచు. సెకన్ల ముల్లున్న నా పాత వాచీ నాన్నతో పంపిస్తున్నాను, బెల్టు కొత్తది వేయించాను.

పెద్దవాళ్ళకి 12 నుంచి 20 వరకు మామూలు. పొద్దున 18 ఉన్న మనిషికి సాయంత్రం 26 అయితే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే వేలి మెషిన్ 95 చూపిస్తున్నా సరే, డాక్టర్‌కి చెప్పు. లోపల ఒళ్ళు ఎంతో కష్టపడి ఆ 95ని నిలబెడుతూ ఉండొచ్చు. గోళ్ళకి రంగున్నా, చేతులు చల్లబడినా మెషిన్ తప్పు చూపిస్తుంది. మనిషిని చూడు. డొక్కలు ఎగరేస్తున్నాడా, మెడ కండరాలు లాగుతున్నాయా, ఒక మాట పూర్తిగా చెప్పగలుగుతున్నాడా? ఉబ్బసం వచ్చినవాళ్ళకి పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందనుకోకు. మనిషి ఇంకా ఎగశ్వాసలోనే ఉండి కూత వినపడకపోతే లోపల గాలే ఆడట్లేదన్నమాట, పరిగెత్తాల్సింది అప్పుడే.

ఆక్సిజన్ గురించి నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. సర్వీసులో చేరిన రెండో ఏడు, నైట్ డ్యూటీ. నలభై ఏళ్ళు చుట్ట తాగిన పెద్దాయన, సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు మూసుకుపోతూ ఏళ్ళ తరబడి ఉండే ఆయాసం జబ్బు. ఆక్సిజన్ నిమిషానికి రెండు లీటర్లు పెట్టారు, సాచురేషన్, అదే వేలి మెషిన్ చూపించే అంకె, 89 ఉంది. కొడుకు గంటకోసారి వచ్చి "సిస్టర్, నాన్నకి ఇంకాస్త పెట్టండి" అని బతిమాలాడు. నాకు జాలేసి ఆరు లీటర్లకి తిప్పాను. 98 వచ్చింది. ఆ అబ్బాయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తెల్లవారుజామున చూస్తే పెద్దాయన హాయిగా నిద్రపోతున్నాడు. అది నిద్ర కాదమ్మా. భుజం తట్టి పిలిస్తే కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేశాడు, ఒళ్ళంతా వెచ్చగా, చెమటగా ఉంది. ఆక్సిజన్ ఎక్కువై, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది. డాక్టర్ వచ్చి ఆక్సిజన్ తగ్గించి, మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే బైపాప్ మెషిన్ పెట్టి బతికించారు. ఆ దండం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే సీఓపీడీ వాళ్ళకి డాక్టర్ వేరేగా రాయకపోతే 88 నుంచి 92 మధ్యే ఉంచాలి. మిగతా చాలామందికి 94 నుంచి 98. అలాగని భయపడి ఒక్కసారిగా తీసేయకు, అదీ ప్రాణాలమీదికి తెస్తుంది. ఆక్సిజన్‌ని కొలిచినట్టు ఇంత శాతమని ఇచ్చే వెంచురీ మాస్క్ ఉంటే మేలు. నీలం రంగుది 24 శాతం, తెల్లది 28 శాతం ఇస్తుంది, ఎన్ని లీటర్లు పెట్టాలో దానిమీదే రాసి ఉంటుంది. ఇలాంటివాళ్ళు తలనొప్పి అన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చేతులు చాపితే రెక్కల్లా కొట్టుకుంటున్నా ఊరుకోకు.

డిశ్చార్జి రోజున మందులు చేతిలో పెట్టి పంపించేయకు. "ఎలా పీలుస్తున్నారో చూపించండి" అని అడుగు. ఒకావిడ రోటాక్యాప్‌లు, పరికరంలో పెట్టి పొడి పీల్చాల్సిన గొట్టాలు, నెలరోజులు మంచినీళ్ళతో మింగింది. ఎవరూ చూపించమనలేదు, ఆవిడ తప్పేముంది? మందు పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టమను. స్టెరాయిడ్ మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయమను, లేకపోతే నాలుక మీద తెల్లగా పూత వస్తుంది.

ఆడవాళ్ళని "సిగరెట్ తాగుతారా" అని అడిగి లేదని రాసుకోకు. ఎన్నేళ్ళు కట్టెల పొయ్యి మీద వండారో అడుగు. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళైతే అడ్డపొగ గురించి కూడా అడుగు, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగేవాళ్ళు ఇంకా ఉన్నారు. టీబీ అనుమానం ఉన్నవాళ్ళ దగ్గరికి ఎన్95 లేకుండా వెళ్ళకు, కిటికీలు తెరిపించు. వాళ్ళని మాత్రం దూరం నుంచి పిలవకు.

ఆయాసం ఎక్కువైన మనిషికి అన్నిటికంటే భయం ఎక్కువ. పడుకోబెట్టొద్దు. ముందు బల్ల లాగి, దానిమీద దిండు వేసి, మోచేతులు ఆనించి ముందుకి వంగి కూర్చోబెట్టు. అవును కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలే అడుగు. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదలమను. చెప్పి వెళ్ళిపోకు, పక్కనే నిలబడి నువ్వూ అలాగే ఊదు. రెండు మూడు నిమిషాల్లో నీ ఊపిరితో కలుపుతారు.

మీ వార్డులో పైప్‌లైనా, సిలిండర్లా? సిలిండర్లైతే డ్యూటీలోకి రాగానే ఎంత మిగిలిందో చూసుకో, తెరిచే తాళంచెవి ఎక్కడుందో కనుక్కో. అది రాత్రి రెండింటికి దొరకదు.

పెద్దమ్మ