ఒకచోట ఇంటికి పంపారు, మరోచోట చేర్చుకున్నారు: ఎందుకిలా?

మానసిక సమస్యతో ఉన్న మీ తమ్ముడిని ఒక జనరల్ ఆసుపత్రి ఇంటికి పంపేసిందనీ, మర్నాడే ఒక మానసిక వైద్యశాల చేర్చుకుందనీ, ఎవరు పొరబడ్డారనీ అడిగారు. పొరబాటే జరిగి ఉండాలని లేదు.

జనరల్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో ముందు శరీరాన్నే చూస్తారు. రక్తంలో సోడియం (ఉప్పులోని లవణం) పడిపోయినా, ఇన్ఫెక్షన్ సోకినా, మద్యం హఠాత్తుగా మానేసినా మనిషి తికమకపడి లేనివి కనిపిస్తున్నాయని అనవచ్చు కనుక, రక్తపరీక్షలు, జ్వరం, తలకు తగిలిన దెబ్బలు చూసి అలాంటి కారణాలేవీ లేవని తేల్చుకుంటారు. మానసిక వైద్యశాలలో మాట తీరు, ఆలోచనల పొందిక, నిద్ర, భ్రమలు, తన జబ్బుపై రోగికున్న ఎరుక వంటివాటిపై ఎక్కువసేపు ప్రశ్నిస్తారు.

చేర్చుకోవడాన్ని తేల్చేది, నా దృష్టిలో, జబ్బు పేరు కంటే ఆ పూట ఉన్న ప్రమాదమే. స్కిజోఫ్రీనియా (లేనివి వినిపించడం, భ్రమలు వంటివి ఉండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారు మందులు వాడుతూ ఇంట్లోనే ఉండవచ్చు. చనిపోవాలని మాత్రలు పోగుచేసుకున్న వ్యక్తిని మాత్రం, పైకి ఎంత నిబ్బరంగా మాట్లాడుతున్నా, ఒంటరిగా పంపడం సరికాదు. ఆ ప్రమాదం గంటల్లో మారిపోగలదు. పైగా ఖాళీ పడకలు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవారు ఉన్నారా లేరా అన్నదీ (చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా) నిర్ణయంపై ప్రభావం చూపుతాయి.

చాలామంది రోగులు డాక్టరు ఎదుట పది నిమిషాలు కుదురుగా ఉండగలరు. అందుకే, "వింతగా ప్రవర్తిస్తున్నాడు" అనకుండా, "మూడు రాత్రులుగా నిద్రలేదు, నిన్న అన్నంలో విషం కలిపారని పళ్లెం తోసేశాడు" అని తేదీలతో రాసి, వాడుతున్న మందులతో పాటు ఆ కాగితాన్ని డాక్టరుకు ఇవ్వండి. రోగి సమ్మతి లేకుండా చేర్చుకుని ఉంటే, ఏ నిబంధన కింద, ఎన్ని రోజులకు, పునఃసమీక్ష ఎవరు చేస్తారో రాతపూర్వకంగా అడగండి.